వాచీ తిప్పే మూడో పెట్టె

మళ్ళీ నవ్వావా? ఇది ఐదోసారి.

రెండు నాణేలూ ఎరుపే. పొద్దున్నుంచీ నేనేదో వేళాకోళానికి వచ్చినట్టు ఒకటే నవ్వు. నేనడిగిందేమిటి? ఈ పెట్టె నీకు నచ్చిందా లేదా అని. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు పడితే సరే అన్నట్టు. రెండూ తెలుపు పడితే వద్దన్నట్టు. వద్దంటే వద్దను, దాని సంగతేదో చూస్తాను. అంతేగాని రెండూ ఎర్రగా పడేసి కిసుక్కుమంటూ కూర్చుంటే నేనేమనుకోవాలయ్యా?

నాణేలు మొరాయించాయి అనుకోడానికీ లేదు. నిన్ననే మన అమ్మాయి లిన్ లిప్‌స్టిక్ అడిగి ఒక వైపు పూశాను, నా కళ్ళకి ఆనాలని. కోడి తిన్నావా అని అడిగితే మొదటి దెబ్బకే సరే అన్నావు. తాబేలు అచ్చులో వేసిన ఎర్ర పిండివంట సరిపోయిందా అంటే సరే. కాఫీ చాలా అంటే చాలన్నావు, అదీ మొదటి దెబ్బకే. తిండి విషయంలో నీకు నోరు ఇప్పటికీ బాగానే ఉంది. పెట్టె దగ్గరికొచ్చేసరికి నవ్వులాట.

ఫోటోలో అంత అమాయకంగా చూడకు. ఆ పలకమీద నీ ఫోటో దించినవాడికి నీ సంగతి తెలీదు, నాకు తెలుసు.

అటు చూడు. సెల్వం కనపడుతున్నాడా? ఈ అస్థికల గూళ్ళన్నీ కనిపెట్టుకుని ఉంటాడే, అతనే. బిస్కెట్ డబ్బాలో ఏం కలుపుతున్నాడు? సిమెంటు. ఎవరి గూటికనుకున్నావు? నీ గూటికే.

మన అమ్మాయి ఆర్డరు అది. కారులో చెప్పింది. "అమ్మా, ఇది మూడో పెట్టె. నాన్న సరే అంటే కాల్చి ఆయనకి పంపేద్దాం. సరే అనకపోతే గూడు తెరిపించి, అసలు వాచీ నాన్న అస్థికల కుండ పక్కన పెట్టేసి మూయించేద్దాం. ఆయన తన వాచీ తను అడుగుతుంటే నువ్వు కాగితం పెట్టెలు పంపిస్తావేమిటి?" అంది. పైకి లాయరమ్మ లాగా ఉంటుంది గాని ఏడుపు ఆపుకుంటూ అంది, పాపం. నేను నిద్రలో లేచి కూచోవడం చూస్తోంది కదా, దానికీ భయం.

అసలు వాచీ ఇదిగో, నా చేతికే ఉంది. చొక్కా చెయ్యి కిందకి లాక్కున్నాను, చుట్టాలు చూసి మాట్లాడతారని. ఇది నేనివ్వను. నీకైనా ఇవ్వను. అందుకని నువ్వు ఆ పెట్టెకి సరే అనాలి, అర్థమైందా? చెంగ్‌బెంగ్ పెద్దల పండగ జనం కదా, కాగితం సామాన్లు కాల్చే పొయ్యి దగ్గర పెద్ద వరస ఉంది. లిన్ అక్కడ నిలబడింది. దాని వంతు వచ్చేలోగా నువ్వు ఏదో ఒకటి తేల్చాలి. కలిపిన సిమెంటు అరగంట కంటే ఆగదట, సెల్వం ఇప్పటికి రెండుసార్లు చెప్పాడు.

సరే, ఆరోసారి వేస్తున్నాను. బుద్ధిగా ఉండు.

ఎరుపు. ఎరుపు. సంతోషం.

అయినా నువ్వు కల్లోకి రాకుండా ఉంటే ఇంత భాగోతం ఉండేదా చెప్పు? పోయిన దయ్యాల నెలలో, చచ్చినవాళ్ళందరూ ఇళ్ళకొచ్చే నెలలో మొదలెట్టావు. అందరి మొగుళ్ళూ రాత్రిపూట వస్తారు, నువ్వు మధ్యాహ్నం వస్తావు. భోంచేసి అలా నడుం వాలుస్తానో లేదో, వెనక గదిలో నీ మంచమూ, మంచమ్మీద నువ్వూ. మాటా పలుకూ ఉండదు. దుప్పటి మీద ఎడమ చెయ్యి చాపి ఉంటావు, అరచెయ్యి పైకి పెట్టి. వాచీ ముఖం కూడా కనపడదు, పట్టీ బకిలే కనపడుతుంది. నేను వంగి చెవి ఆనించి వింటాను. చప్పుడుండదు, ఆగిపోయి ఉంటుంది. అంతే, మెలకువ వచ్చేస్తుంది. ఆ తరవాత ఎంత దొర్లినా నిద్ర పట్టదు.

ఆగిపోక ఏం చేస్తుందయ్యా? అది నీ పాత స్విస్ వాచీకి నకలు. అసలుది నేను ఉంచేసుకుని, కార్నార్వన్ వీధిలో పోయినవాళ్ళకి పంపే సామాన్లు చేసే హాక్ మామ చేత కాగితంతో చేయించి నీ శవపేటికలో పెట్టాం. కాగితందైనా జాతి అదే. కీ ఇవ్వక్కర్లేదు, బాటరీ అక్కర్లేదు. చెయ్యి ఊగితే లోపల అర్ధచంద్రం లాంటి రేకు ఊగుతుంది, అది ఊగితే స్ప్రింగు చుట్టుకుంటుంది. చెయ్యి ఊగకపోతే రెండు రోజుల్లో ఆగుతుంది. పోయినవాళ్ళకి చేతులూపే పని ఏముంటుంది?

"బాటరీ వాచీ ఒకటి కాల్చేస్తే పోలా?" అంది లిన్. నేనే పడనివ్వలేదు. బాటరీ వాచీ పెట్టుకున్నవాణ్ణి నువ్వెప్పుడైనా మనిషిగా చూశావా? ముప్ఫై నాలుగేళ్ళు ఫెర్రీ పడవ మీద తాళ్ళు విసిరావు. బటర్‌వర్త్ ఒడ్డు నుంచి ఎక్కిన ప్రతి దిక్కుమాలినవాడికీ మణికట్టు చూపించి ఒకటే పాట. "నేను ఊగితే ఇది తిరుగుతుంది. ఇది తిరుగుతోందంటే నేనున్నట్టు." అలాంటివాడికి బాటరీది పంపిస్తే ఇంకేమన్నా ఉందా? కల్లోకి కాదు, ఇంట్లోకే వచ్చేవాడివి.

మొదటి పెట్టె తప్పు నాదే, ఒప్పుకుంటాను. హాక్ మామ దగ్గరికెళ్ళి, "మామా, వాచీలు తిప్పే పెట్టెలుంటాయటగా, అలాంటిదొకటి చెయ్యి" అన్నాను. అతను పుట్టి బుద్ధెరిగి అలాంటిది చూడలేదు. చూడలేదని ఒప్పుకుంటాడా? కాగితంతో బంగళాలు చేసిన చెయ్యి, విమానాలు చేసిన చెయ్యి. పది రోజుల తరవాత వెళ్తే ఏం చేసి పెట్టాడనుకున్నావు? చిన్న సైకిలు. పెడలూ, గొలుసూ, వెనక చక్రానికి వాచీ కట్టే చోటు.

"దీన్ని తొక్కేదెవరు మామా?" అన్నాను.

"అదేమిటే గెక్, బంగళాతో పాటు ఇద్దరు కాగితం పనివాళ్ళని కాల్చారుగా. వాళ్ళు ఊరికే కూచోవాల్సిందేనా?" అన్నాడు.

నాకప్పుడే అనుమానం వచ్చింది. నువ్వు ఒకరి చేత పని చేయించడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఆ ఇద్దర్నీ కుర్చీల్లో కూచోబెట్టి నువ్వే కాఫీ కలిపి ఇస్తూ ఉంటావు. అయినా కాల్చాను. మర్నాడు మధ్యాహ్నమే వచ్చావు, చెయ్యి చాపుకుని.

అప్పుడు గర్నీ రోడ్డు మాల్లో వాచీల కొట్టుకి వెళ్ళాను, అసలు వస్తువు చూద్దామని. చల్లగా ఉంటుంది అక్కడ, చేతులకి తెల్ల తొడుగులు వేసుకుని ఒక కుర్రవాడున్నాడు, రేమండ్ అట పేరు. కూచోమన్నాడు, నీళ్ళిచ్చాడు. "ఎవరికి ఆంటీ?" అన్నాడు. మా ఆయనకి అన్నాను. "అంకుల్ వాచీ రోజూ పెట్టుకోరా?" అన్నాడు. రోజూ పెట్టుకునే ఉంటాడు బాబూ, చెయ్యి కదలదు, పోయి రెండేళ్ళయింది అన్నాను.

నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు. ఎంతైనా మన పెనాంగ్ పిల్లాడు. కాసేపు ఆలోచించి, "అయితే బాటరీతో నడిచే పెట్టె చూడండి ఆంటీ. అక్కడ ప్లగ్గు ఎలాంటిదో మనకి తెలీదు కదా" అన్నాడు.

చూడు, ఎంత బుద్ధి. వాచీకి బాటరీ ఉంటే నీకు నామోషీ గాని పెట్టెకుంటే ఏం నామోషీ?

గంటసేపు కూచున్నానయ్యా అక్కడ. అన్ని రకాలూ తీసి చూపించాడు. ఒకటి అచ్చం బీరువా అంత ఉంది, పన్నెండు వాచీలు ఒకేసారి తిరుగుతున్నాయి, జాతరలో రాట్నం మల్లే. మనకెందుకు, ఒక్క వాచీకి ఒక్క పెట్టె చాలన్నాను. ఒకటే పనిగా తిరిగేది మంచిది కాదట. కాసేపు తిరిగి కాసేపు ఊరుకోవాలి. ఎక్కువ తిప్పితే స్ప్రింగు తెగుతుందా అంటే, తెగదు, నిండాక జారిపోయే ఏర్పాటు లోపలే ఉంది, కానీ ఊరికే అరగదియ్యడం ఎందుకు అన్నాడు. చప్పుడు కూడా చెయ్యకూడదట, పడగ్గదిలో పెట్టుకుంటారు కదా. చెవి ఆనించి విన్నాను. పిల్లి గురక పాటి లేదు.

ఇంక లోపల దిండు ఉంటుంది, వాచీ చుట్టడానికి. అది సరిగ్గా మణికట్టంత ఉండాలట. చిన్నదైతే పెట్టె తిరుగుతున్నా వాచీ జారి కిందే వేలాడుతుంది. "అంకుల్ మణికట్టు ఎంతుంటుంది?" అన్నాడు. నా బొటనవేలూ నడిమివేలూ కలిపి చూపించాను, ఇంత, మీద ఒక వేలు సందు అని. టేపు పెట్టి కొలుచుకున్నాడు. చివరి ఏడాది ఆ సందు కూడా లేదు, వేళ్ళు ఒకదానిమీద ఒకటి ఎక్కేవి. అది అతనికి చెప్పలేదు. బాగున్నప్పటి కొలతే ఇచ్చాను.

అన్నిటికంటే పెద్ద పేచీ దిక్కు దగ్గరొచ్చింది. కొన్ని వాచీలు కుడికి తిప్పితేనే చుట్టుకుంటాయట, కొన్ని ఎడమకి. తప్పు దిక్కుకి తిప్పితే రోజంతా తిరుగుతుంది, ఒక్క గంట నడవదు. మీ తమ్ముడు పనికి వెళ్ళొచ్చినట్టన్న మాట. నీది కుడికి అన్నాడు. బొమ్మ గీసి, కొలతలు వేసి, బాణం గుర్తు పెట్టి కాగితం ఇచ్చాడు. హాక్ మామ అచ్చం అలాగే చేశాడు. నల్ల పెట్టె, అద్దం తలుపు, లోపల దిండు, బాటరీలు కూడా నాలుగు, కాగితంవే. శీతాకాలం పండగకి కాల్చాను.

పండగ ఉండల పాయసం తిని నడుం వాల్చాను. వచ్చావు. చెయ్యి చాపావు. చప్పుడు లేదు.

హాక్ మామ, "నేననుకున్నానే గెక్! కాల్చిన వస్తువు అటువైపు తిరగబడి చేరుతుంది. కుడి ఎడమ అవుతుంది" అన్నాడు. ముందు చెప్పొద్దూ? రేమండ్ దగ్గరికెళ్ళాను. "వాచీ కూడా తిరగబడే వెళ్ళింది కదా ఆంటీ, రెండూ తిరగబడితే లెక్క సరిపోయినట్టే" అన్నాడు. ఆ మాట ఇటొచ్చి చెబితే హాక్ మామ, "వాచీ శవపేటికలో వెళ్ళింది, పెట్టె పొయ్యిలో వెళ్ళింది. ఆ దారి వేరు, ఈ దారి వేరు. ఆ తొడుగుల కుర్రాడికేం తెలుసు" అన్నాడు. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మధ్యలో నేను బస్సెక్కి వాళ్ళ తగువు మోసుకు తిరిగాను నెల రోజులు.

చివరికి రేమండే తేల్చాడు. "అటూ ఇటూ తిరిగేది చేయించండి ఆంటీ. కాసేపు కుడికి, కాసేపు ఎడమకి. ఏ దారిన వెళ్ళినా పనికొస్తుంది." అదే ఇది. ఈ మూడోది. బాణాలు రెండున్నాయి చూడు, రెండు వైపులా. బాటరీలు ఎనిమిది పెట్టించాను, అక్కడ దొరుకుతాయో లేదో అని. ఇంత చేస్తే నవ్వుతావా?

ఏడోసారి. మర్యాదగా చెబుతున్నాను.

నీ నవ్వు తగలెయ్య.

వస్తూ వస్తూ రేమండ్‌ని ఒక మాట అడిగాను. "రోజుకి ఎన్ని చుట్లు తిప్పాలి బాబూ?" అని. "ఎనిమిది వందలు" అన్నాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది, ఆ చల్లటి కొట్లో, పెద్దగా. ఎందుకు ఆంటీ అన్నాడు. ఏం లేదన్నాను.

అతనికి చెప్పలేదు. లిన్‌కీ చెప్పలేదు. నీకూ చెప్పలేదు. నీకు చెప్పకపోవడం వల్లే నువ్విలా తిరుగుతున్నావేమో అని ఈ మధ్య అనుమానంగా ఉంది. లిన్ ముందు ఇంకా నలుగురున్నారు. సెల్వం బీడీ ముట్టించాడు. చెప్పేస్తాను. కోపమొస్తే మాత్రం పక్క గూళ్ళవాళ్ళ ముందు పరువు తియ్యకు.

నీకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. ఆస్పత్రిలో మూడో రోజు పొద్దున, "వాచీ ఆగింది, గెక్" అన్నావు. అని గోడ వైపు తిరిగావు. గంజి తాగవు, మందు మింగవు. నేను ఊపి పెడతానంటే, "ఒకళ్ళు ఊపితే నడిచేది నాదెలా అవుతుంది" అన్నావు. పోనీ కుడిచేతికి పెట్టుకో అంటే, "అది మోసం" అన్నావు. ఇంటికి తెచ్చాక కూడా అంతే. చెంచా నోటి దాకా తెస్తే పళ్ళు బిగించేవాడివి. నర్సు నన్ను పక్కకి పిలిచి, ఇలాగైతే నెల కూడా కష్టమమ్మా అంది. పెళ్ళైన నలభై ఒక్క ఏళ్ళలో నేనంత భయపడింది లేదు.

మర్నాడు మధ్యాహ్నం నువ్వు నిద్రపోతున్నావు. మార్కెట్లో కొట్లవాళ్ళకి సంబల్ కారం ఇవ్వాలి నేను, మిరపకాయలూ రొయ్యల ముద్దా దంచుకోవాలి. ఏం పుట్టిందో బుద్ధి. మెల్లిగా నీ చేతి వాచీ విప్పాను. నా కుడిచేతికి పెట్టుకుని వెనక వసారాలో రోలు ముందు కూచున్నాను. రెండు గంటలు దంచాను. నువ్వు లేచేలోపు తెచ్చి మళ్ళీ నీకే పెట్టేశాను.

సాయంత్రం నువ్వు పిలిచిన పిలుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. "గెక్, నడుస్తోంది. నేను పడుకున్నప్పుడు కదిలినట్టుంది చెయ్యి." రెండు గిన్నెల గంజి తాగావు ఆ పూట.

ఇంక ఆపడమెలా చెప్పు? మూడేళ్ళ రెండు నెలలయ్యా. నీకు నిద్రలో చెయ్యి కదులుతోందని నువ్వే ఊరంతా చాటావు. లిన్ ఏడ్చింది. కాళ్ళూ చేతులూ కదిలించడానికొచ్చే ఆ అమ్మాయి ఇంకో ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, ఇలాంటి కేసు చూళ్ళేదు అని చూపించింది. నేను వంటింట్లో నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాను.

కొట్లవాళ్ళకి అక్కర్లేని రోజు కూడా దంచాల్సిందే. ఎనిమిది వందల చుట్లని నాకెవరూ చెప్పలేదుగా, ఎంత దంచాలో ఏం తెలుసు? భయం కొద్దీ ఎక్కువే దంచేదాన్ని. ఇంట్లో ఎక్కడ చూసినా సంబల్ సీసాలే. ఇరుగుపొరుగుకి పంచాను, గుడికిచ్చాను, పోస్టువాడికిచ్చాను. వీధిలో సగం మందికి కడుపులో మంట పట్టుకుంది. సంబల్ గెక్ అని పేరు పెట్టారు, ఆ పేరెందుకొచ్చిందో వాళ్ళకేం తెలుసు? నా భుజం పోయింది. డాక్టరు చూసి, "మీరు టెన్నిస్ ఆడతారా ఆంటీ?" అన్నాడు.

ఒక రోజైతే పట్టుబడ్డాననే అనుకున్నాను. నువ్వు ఆ నర్సమ్మతో అంటున్నావు, "నా చెయ్యి నిద్రలో లేచి వంట కూడా చేస్తున్నట్టుంది, పట్టీకి రొయ్యల ముద్ద వాసన" అని. పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పట్నుంచి రోజూ కొలోన్ పెట్టి తుడిచి మరీ పెట్టేదాన్ని.

అదీ సంగతి. నీ చెయ్యి కదల్లేదయ్యా. ఒక్క రోజు కూడా కదల్లేదు. ఆ పెట్టె నేనే. రేమండ్ ఇవన్నీ చెబుతుంటే నాకు నా సంగతే చెబుతున్నట్టుంది. కాసేపు తిరిగి కాసేపు ఊరుకోవాలి, చప్పుడు చెయ్యకూడదు. నిన్ను మోసం చేశాను. నువ్వు నమ్మావు, నమ్మి మూడేళ్ళు బతికావు. అది తప్పైతే తప్పే, మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే మళ్ళీ చేస్తాను.

అబ్బ. చెప్పేశాను. ఉండు, కాస్త కూచోనీ.

రోజూ భయమే నాకు. నీకు మెలకువ వస్తుందేమో, చెయ్యి లాగుతుంటే కదులుతావేమో అని. కానీ ఎంత సులువుగా వచ్చేదో. దుప్పటి మీదే ఉండేది చెయ్యి. అరచెయ్యి పైకి, బకిల్ సరిగ్గా నా వైపు. వంగి రెండు వేళ్ళతో అలా అంటే చాలు, ఊడి...

ఆగు.

ఆగాగు. ఆ చెయ్యి దుప్పటి మీదకి ఎలా వచ్చేది?

నేను నిన్ను పడుకోబెట్టి, మెడ దాకా దుప్పటి కప్పి వెళ్ళేదాన్ని కదా. రెండు చేతులూ లోపలే పెట్టేదాన్ని, ఫ్యాను గాలికి నొప్పంటావని. గిన్నెలు కడుక్కుని వచ్చేసరికి ఎడమ చెయ్యి పైనుండేది. పడిపోయిన చెయ్యి. తనంతట తాను వస్తుందా? కుడిచేత్తో దాన్ని పట్టుకుని, పైకి లాగి, తిప్పి, బకిల్ పైకుండేలా పెట్టి... రోజూనా?

కల్లో కూడా అలాగే కదయ్యా చాపేది. వాచీ ముఖం చూపించవు. బకిల్ చూపిస్తావు.

ఎనిమిదోసారి వేస్తున్నాను. పెట్టె సంగతి కాదు. అది వదిలెయ్. ఒక్కటే అడుగుతున్నాను, నవ్వకుండా చెప్పు. నీకు ముందు నుంచీ తెలుసా?

ఒకటి ఎరుపు. ఒకటి తెలుపు.

మూడేళ్ళ రెండు నెలలు. నా భుజం ఊడిపోతుంటే కళ్ళు మూసుకుని పడుకున్నావు. గురక కూడా పెట్టేవాడివి. దొంగ గురక. కుడిచేతికి పెట్టుకుంటే మోసమన్నవాడివి, పెద్ద సత్యవంతుడివి. ఊరందరితో నిద్రలో కదులుతోందని చెప్పింది నువ్వే కదా? ఎవరికోసం చెప్పావు అదంతా? ఆ గంజి ఎవరికోసం తాగావు?

అడగను. మళ్ళీ ఎరుపు వేస్తావు.

ఛీ, కళ్ళజోడు మసకబారింది. అదిగో లిన్ వస్తోంది. వెనకే సెల్వం, తాపీ పట్టుకుని. నాణేలు తియ్యను, అలాగే ఉండనీ. నువ్వేం మాట్లాడకు.

చూడవే తల్లీ, నీ కళ్ళతో నువ్వే చూడు. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. మీ నాన్న సరే అన్నాడు. ఆఁ? ఏమడిగానేమిటి, అడగాల్సిందే అడిగాను. ఏడవలేదు, సాంబ్రాణి పొగ. పద, పెట్టె పట్టుకెళ్ళి కాల్చు, వంతు పోతుంది. బాటరీలు కింద పడేశావు, అవి కూడా తీసుకో. సెల్వం, గూడు తెరవనూ అక్కర్లేదు, ముయ్యనూ అక్కర్లేదు నాయనా, ఆ సిమెంటు పక్కాయన పలక పగిలినట్టుంది, దానికి పూసెయ్.

వెళ్ళారు.

విన్నావుగా? అబద్ధం చెప్పలేదు. సరే అన్నావని చెప్పాను, దేనికి అన్నావో చెప్పలేదు. నీ దగ్గర నేర్చుకున్నదే.

ఆ పెట్టె వస్తుంది ఇంకాసేపట్లో. దాంట్లో పళ్ళసెట్టు పెట్టుకో, ఏమన్నా పెట్టుకో. కాగితం వాచీ ఆగితే ఆగనీ. మధ్యాహ్నం నేను పడుకున్నప్పుడు వచ్చి చెయ్యి చాపు, విప్పుకెళ్ళి దంచి తెస్తాను. భుజం ఎలాగూ పోయింది, కొత్తగా పోయేదేముంది? కాకపోతే గురక పెట్టకు, ఇంక ఒళ్ళు మండుతుంది నాకు.

అసలుది మాత్రం నా చేతికే ఉంటుంది. పోయాక కూడా తియ్యొద్దని లిన్‌కి చెప్పి ఉంచుతాను. నేను ఆగాక ఇది ఇంకా రెండు రోజులు నడుస్తుంది. దారిలో టైము చూసుకోడానికి సరిపోతుందనుకుంటాను. అంతకంటే దూరమైతే కాస్త ఎదురు రా.